బెయిల్ వచ్చినవాళ్లను పీడీ యాక్ట్‌తో మళ్లీ లోపల వెయ్యడం ఆపండి

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారికి, హోం శాఖ అధికారులకు, పోలీసు కమిషనర్లకు, జిల్లా కలెక్టర్లకు, అన్ని పార్టీల శాసనసభ్యులకు,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో క్రిమినల్ కేసులు చూసుకునే మామూలు వకీలును, ఏ పార్టీతోనూ సంబంధం లేదు. పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, కింద మనిషిని పట్టుకుపోయాక ఇంట్లోవాళ్లు మా దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "జడ్జి గారే బెయిల్ ఇచ్చారు కదా సార్, మళ్లీ ఎట్లా పట్టుకుపోయారు?" దీనికి చట్టం భాషలో జవాబు చెప్పగలను. న్యాయంగా చెప్పగలిగే జవాబు మాత్రం నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంటే అందరూ వినేలా చెప్పండి, అందుకే ఈ ఉత్తరం అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

పీడీ యాక్ట్ అనే మాట రోజూ పేపర్లో కనిపిస్తుంది కానీ అది ఎలా పనిచేస్తుందో చాలామందికి తెలియదు, కాబట్టి ముందు అది చెబుతాను. మామూలు అరెస్టయితే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. వకీలు మాట్లాడతాడు. జైలుకు పంపాలా వద్దా అన్నది జడ్జి తేలుస్తారు. కేసును బట్టి 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో చార్జిషీటు వెయ్యకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. పీడీ యాక్ట్‌లో ఇవేవీ ఉండవు. కమిషనరో కలెక్టరో సంతకం పెడితే చాలు, మనిషి లోపలికి వెళ్తాడు, అది కూడా చేసిన నేరానికి శిక్షగా కాదు, ముందుముందు ఏదో చేస్తాడన్న అనుమానంతో. ఎందుకు పట్టుకున్నారో 5 రోజుల్లో అతనికి కాగితం ఇవ్వాలి, ఉత్తర్వును 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, నిర్బంధం సరైనదేనా అని చూసే అడ్వైజరీ బోర్డుకు మూడు వారాల్లో ఫైలు పోవాలి, నిర్బంధం మొదలైన ఏడు వారాల్లోగా బోర్డు తన అభిప్రాయం చెప్పాలి. బోర్డు సరే అందంటే 12 నెలల దాకా అంతే. విచారణ లేదు, సాక్షులు లేరు, ఎవరినీ ఎదురు ప్రశ్నలు అడిగే వీలు లేదు.

ఆ బోర్డు ముందు వకీలు పెట్టుకునే హక్కు కూడా లేదు. రాజ్యాంగం 22వ అధికరణమే ఈ మినహాయింపు ఇచ్చింది. 1981 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొంత ఊరట కలిగించింది, ప్రభుత్వం తరఫున వకీలో పోలీసు అధికారో వచ్చి వాదిస్తే అప్పుడు నిర్బంధంలో ఉన్నవాడికీ వకీలును పెట్టుకునే అవకాశం ఇవ్వాలని, లేదంటే వకీలు కాని ఒక స్నేహితుడి సాయమైనా తీసుకోనివ్వాలని చెప్పింది. ఈ సంగతి చంచల్‌గూడలోనో చర్లపల్లిలోనో ఉన్న మనిషికి ఎవరు చెప్తారు? మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఒక్కరికీ ముందుగా తెలిసి ఉండదు. బోర్డు ముందు ఏడో తరగతి చదివిన కుర్రాడు ఒంటరిగా నిలబడి, తన మీద రాసిన యాభై పేజీలకు తనే జవాబు చెప్పుకోవాలి.

ఇక అసలు విషయం. కాగితం మీద ఈ చట్టం ఉద్దేశం ప్రజాశాంతిని కాపాడడం. ఆచరణలో ఇది బెయిల్ మీద అప్పీలులా వాడుకుంటున్నారు, అదీ కోర్టుకు వెళ్లకుండా. కేసు పెడతారు, కోర్టు బెయిల్ ఇస్తుంది, ఇంట్లోవాళ్లు అప్పో సప్పో చేసి ష్యూరిటీలు పెడతారు, విడుదల కాగితం జైలుకు చేరుతుంది, అదే సమయానికి పీడీ ఉత్తర్వు కూడా జైలుకు చేరుతుంది. బయట గేటు దగ్గర బట్టలు పట్టుకుని ఎదురుచూస్తున్న తల్లికి సాయంత్రం ఎవరో కానిస్టేబుల్ చెప్తాడు, మీవాడు ఇవాళ రాడమ్మా అని. బెయిల్ ఇవ్వడం తప్పని పోలీసులు అనుకుంటే చట్టంలో దారి ఉంది. బెయిల్ రద్దు చెయ్యమని సెషన్స్ కోర్టునో హైకోర్టునో అడగొచ్చు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 439(2), దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 483(3). కానీ అక్కడికి వెళ్తే కారణాలు చూపించాలి, అవతలి వకీలు అడ్డు ప్రశ్నలు వేస్తాడు, జడ్జి కాదనొచ్చు. పీడీ ఫైలుకు ఈ బాధలేమీ లేవు.

ఇది నా సొంత అభిప్రాయమని కొట్టిపారెయ్యకండి. సుప్రీంకోర్టు మన రాష్ట్రం పేరు పెట్టి ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో చూడండి.

2021 ఆగస్టు 2న ఒక తీర్పు వచ్చింది, జస్టిస్ నారిమన్ నేతృత్వంలోని ధర్మాసనం. పెట్టుబడుల పేరుతో డబ్బులు తీసుకుని మోసం చేశాడని ఒకాయన మీద అయిదు కేసులు. అయిదింటిలోనూ ఆయనకు బెయిలో ముందస్తు బెయిలో వచ్చింది. ఆ తర్వాత పీడీ పెట్టారు. బెయిల్ మీద అభ్యంతరం ఉంటే దాన్ని రద్దు చెయ్యమని అడగాలి కానీ నిర్బంధ ఉత్తర్వు ఇవ్వడానికి అది కారణం కాదని కోర్టు తేల్చి చెప్పింది. ఉత్తర్వు 2020 సెప్టెంబర్‌ది, దాన్ని కొట్టేసిన తీర్పు 2021 ఆగస్టుది.

2022 ఏప్రిల్ 4న ఇంకోటి, జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ సూర్యకాంత్. ఉద్యోగాలిప్పిస్తామని డబ్బులు తీసుకున్నారన్న కేసులో ఒక యువకుణ్ని ‘వైట్ కాలర్ నేరగాడు’ అన్న పేరు కింద పట్టుకున్నారు. మొదటి ఎఫ్‌ఐఆర్ 2020 అక్టోబర్‌లో అయింది. జనవరిలో బెయిల్ వచ్చింది. పీడీ ఉత్తర్వు 2021 మే 19న రాశారు, అమలు చేసింది జూన్ 26న. ఒక మనిషి బయట ఉంటే ప్రజాశాంతికి అంత ప్రమాదమైతే ఇన్ని నెలలు ఎందుకు ఆగారు? ఉత్తర్వు చేతిలో పెట్టుకుని కూడా నెలకు పైగా ఎందుకు ఆగారు? కోర్టు కూడా ఈ ఆలస్యాన్నే ఎత్తిచూపింది. అంతటితో ఆగకుండా, గడిచిన అయిదేళ్లలో తెలంగాణ ఇచ్చిన పీడీ ఉత్తర్వులు అయిదుకు పైగా తాము కొట్టేశామని, హైకోర్టు ఆ ఒక్క ఏడాదిలోనే కనీసం పది కొట్టేసిందని లెక్క చెప్పి, పెండింగ్‌లో ఉన్నవన్నీ ఒకసారి సరిచూసుకోండని ప్రభుత్వానికి సూచించింది. అసాధారణ అధికారాన్ని ఇంత నిర్లక్ష్యంగా వాడతారా అన్నది ఆ తీర్పు సారాంశం.

అప్పుడైనా ఆగాలి కదా. 2023 సెప్టెంబర్ 4న మళ్లీ, ఈసారి జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా. ఆ మనిషి మీద 2021లో ఒకసారి పీడీ పెట్టారు, హైకోర్టు కొట్టేసింది. 2023 మార్చిలో మళ్లీ పెట్టారు. భార్య సుప్రీంకోర్టు దాకా పోరాడితే అక్కడ విడుదల దొరికింది. దేశం ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ జరుపుకుంటున్న సమయంలో తెలంగాణలో కొందరు పోలీసు అధికారులకు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కులే గుర్తున్నట్టు లేదని, ఈ ధోరణికి ఎంత త్వరగా ముగింపు పలికితే అంత మంచిదని న్యాయమూర్తులు రాశారు. సార్, ఒక రాష్ట్ర పోలీసుల గురించి దేశపు అత్యున్నత న్యాయస్థానం ఇలా రాయడం నాకు సిగ్గుగా అనిపించింది, మన రాష్ట్రం కాబట్టి.

ఈ మూడూ మీరు రాకముందువి, నిజమే. కానీ 2024 మార్చి 21 నాటి తీర్పు మీరు అధికారంలోకి వచ్చాక వచ్చింది. బంగారు గొలుసుల దొంగతనాల కేసుల్లో రాచకొండ కమిషనర్ 2023 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వు అది, పాత ప్రభుత్వం నాటిదే, కానీ దాన్ని సుప్రీంకోర్టులో సమర్థించుకుంటూ నిలబడింది మీ ప్రభుత్వం. శాంతిభద్రతల సమస్యను పోలీసు యంత్రాంగం ఎదుర్కోలేకపోవడం ముందస్తు నిర్బంధానికి సాకు కాకూడదని కోర్టు చెప్పింది. అడ్వైజరీ బోర్డు ముద్ర వేసే యంత్రంలా ఉండకూడదని, ఉత్తర్వు చట్టం ముందు నిలుస్తుందా లేదా అని నిజంగా పరిశీలించాలని కూడా చెప్పింది. ఆ తీర్పు తర్వాత బోర్డు పనితీరులో ఏం మార్పు తెచ్చారో చెప్పగలరా?

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. "కోర్టులు ఉన్నాయి కదా, తప్పయితే కొట్టేస్తాయి" అని అధికారులు తేలిగ్గా అంటారు. పైన రాసిన తేదీలు మళ్లీ చూడండి. ఒక కేసులో ఉత్తర్వుకూ తీర్పుకూ మధ్య పది నెలలు, ఇంకోదాంట్లో మనిషి లోపలికి వెళ్లిన తొమ్మిది నెలలకు తీర్పు, ఒకదాంట్లో అయిదు నెలలకు పైగా, ఒకదాంట్లో ఆరు నెలలు. గరిష్ఠంగా ఉన్నదే 12 నెలలు. గెలిచేసరికి శిక్ష దాదాపు అయిపోతోంది. ఇది కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగినవాళ్ల సంగతి. వెళ్లలేనివాళ్ల గురించి ఎవరూ తీర్పు రాయరు, ఆ 12 నెలలు అలా కరిగిపోతాయి, బయటికొచ్చాక ఇంటి అద్దె బాకీ, ఊడిపోయిన ఉద్యోగం, పిల్లల ఫీజులు, వీధిలో పడ్డ పేరు, ఇవి మిగులుతాయి. నిర్బంధించిన మనిషిని విడిపించమని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వెయ్యాలంటే ఎంత ఖర్చో, మంగళసూత్రం తాకట్టు పెట్టి వచ్చేవాళ్లు ఎంతమందో మా వృత్తిలో ఉన్న ఎవర్ని అడిగినా చెప్తారు. కొట్టేసిన ఉత్తర్వుకు సంతకం పెట్టిన అధికారిని అడిగేవాళ్లే లేరు. నష్టపరిహారం ఊసే లేదు. తప్పు చేసినా ఏమీ కానప్పుడు తప్పు ఎందుకు ఆగుతుంది?

ఈ చట్టం 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టింది. అప్పుడు అందులో ఆరు రకాల మనుషులున్నారు. సారా వ్యాపారులు, బందిపోట్లు, మత్తుమందుల నేరగాళ్లు, గూండాలు, వ్యభిచార వ్యాపారం నడిపేవాళ్లు, భూకబ్జాదారులు. 2017–18లో తెలంగాణ దీనికి ఇంకో పదమూడు రకాలు కలిపింది. నకిలీ విత్తనాలు, పురుగుమందులు, ఎరువులు, ఆహార కల్తీ, దొంగ పత్రాలు, నిత్యావసర సరుకులు, అటవీ నేరాలు, పేకాట, లైంగిక నేరాలు, పేలుడు పదార్థాలు, ఆయుధాలు, సైబర్ నేరాలు, చివరికి వైట్ కాలర్ ఆర్థిక నేరాలు. ఒక్కసారి ఆలోచించండి, వీటిలో ఇప్పటికే వేరే చట్టం లేని నేరం ఒక్కటైనా ఉందా? విత్తనాలకు 1966 నుంచే చట్టం ఉంది. ఆయుధాల చట్టం, అటవీ చట్టం, ఐటీ చట్టం, పోక్సో, నిత్యావసర సరుకుల చట్టం, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా దర్యాప్తు చేసే ఓపిక.

విత్తనాల సంగతే వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడే నాకు బాధ ఎక్కువ. మిర్చి విత్తనాలు అమ్మే ఒక వ్యాపారి మీద నకిలీవి అమ్మాడని కేసులయ్యాయి. అప్పటికి ఆ చట్టంలో విత్తనాల మాటే లేదు కాబట్టి ఆయన్ని గూండా అని రాసి పీడీ పెట్టారు. 2017 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మామూలు చట్టాల కింద చర్య తీసుకునే వీలు ఉండగా గూండా అని పేరు తగిలించి లోపల వేస్తే కుదరదంది. ఆ తీర్పు చదివి మామూలు చట్టాలను గట్టిగా అమలు చేసి ఉండాల్సింది. మన ప్రభుత్వం మాత్రం అదే కాలంలో ఆ పేరునే చట్టంలో చేర్చే దారి పట్టింది. నకిలీ మిర్చి విత్తనం వేసిన రైతు పరిస్థితి తెలియక ఈ మాట అనడం లేదు. ఎకరాకు పెట్టిన పెట్టుబడి, కౌలు, కూలీలు, మందులు అన్నీ మట్టిలో కలిసి, పూత రాని చేను చూస్తూ కూర్చున్న మనుషుల్ని నేను ఎరుగుదును. ఆ రైతుకు పీడీ యాక్ట్ వల్ల ఒక్క రూపాయి తిరిగి వచ్చిందా? వ్యాపారి కొన్నాళ్లు లోపలుంటాడు, ఆ తర్వాత శిక్ష పడ్డ మనిషిగా కాకుండా అన్యాయంగా నిర్బంధించబడ్డ మనిషిగా కోర్టు తీర్పు చేతిలో పట్టుకుని బయటికొస్తాడు. అసలు కేసు అక్కడే మూలుగుతూ ఉంటుంది. నష్టపరిహారం ఇప్పించేది, ల్యాబ్ రిపోర్టు సమయానికి తెప్పించేది, లైసెన్సు రద్దు చేసేది, కంపెనీ పైవాళ్ల దాకా వెళ్లేది అసలు కేసే కదా.

గొలుసు దొంగల విషయమూ అంతే. "నీ ఇంట్లో ఆడవాళ్ల మెడలో గొలుసు లాగితే అప్పుడు మాట్లాడు" అని నన్ను చాలామంది అన్నారు, ఇది చదివాక ఇంకా అంటారు. లాగితే పట్టుకోండి, సాక్ష్యాలు సరిగ్గా సేకరించండి, చార్జిషీటు టైముకు వెయ్యండి, శిక్ష పడేలా చెయ్యండి. దొంగతనానికి శిక్ష పడితే అది రికార్డులో ఉంటుంది, రెండోసారి చేస్తే ఇంకా పెద్ద శిక్ష పడుతుంది, గొలుసు పోగొట్టుకున్న ఆమెకు వస్తువు తిరిగొచ్చే దారి ఉంటుంది. పీడీలో ఆమె బాధితురాలు కూడా కాదు, ఫైలులో ఒక పేరా మాత్రమే. పీడీ ఫైలు తయారు చెయ్యడానికి స్టేషన్‌లో పెట్టే సమయాన్ని, రాసే పేజీలను, పైనుంచి కింది దాకా తిరిగే సంతకాలను చార్జిషీట్ల మీద పెడితే ఎన్ని కేసులు తేలేవో కమిషనర్లే ఆలోచించుకోవాలి.

అసలు ఈ చట్టంలో గుండెకాయ లాంటి మాట ‘ప్రజాశాంతి’. ప్రతి నేరమూ చట్టాన్ని ఉల్లంఘించడమే, కానీ ప్రతి నేరమూ ప్రజాశాంతిని దెబ్బతియ్యదు. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో జస్టిస్ హిదయతుల్లా దీన్ని చాలా తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పారు. ఇద్దరు తాగుబోతులు కొట్టుకుంటే అది గొడవే, పోలీసులు మామూలు చట్టంతో చూసుకోవాలి, ప్రజాశాంతికి భంగం అని వాళ్లను ముందస్తు నిర్బంధంలో పెట్టడానికి వీల్లేదు. అదే ఆ ఇద్దరూ వేర్వేరు మతాలవాళ్లై, ఒకడు దాన్ని అడ్డం పెట్టుకుని మత విద్వేషం రగిలించబోతే అప్పుడు సంగతి వేరు. అంటే చూడాల్సింది సమాజం మొత్తం మీద పడే ప్రభావాన్ని. దాదాపు అరవై ఏళ్లయింది ఆ మాట చెప్పి. ఇవాళ్టికీ మన పీడీ ఉత్తర్వుల్లో "ప్రజల్లో భయాందోళనలు కలిగించాడు" అన్న ఒకే వాక్యం పేకాటకూ, ఉద్యోగాల మోసానికీ, దొంగతనానికీ ఒకేలా కనిపిస్తుంది, పేరూ కేసు నంబరూ మాత్రం మారుతుంటాయి.

అన్ని ఉత్తర్వులనూ కోర్టులు కొట్టేస్తాయని కూడా నేను అనడం లేదు. 2023 ఆగస్టులో పక్క రాష్ట్రంలో, కాకినాడ జిల్లా సారా వ్యాపారి కేసులో సుప్రీంకోర్టు నిర్బంధాన్ని సమర్థించింది, ఆ సారా ప్రజల ఆరోగ్యానికే ప్రమాదమన్న ఆధారం ఉందన్న కారణంతో. అంటే నిజంగా అవసరమైన చోట వాడితే నిలుస్తుందన్నమాట. నాకు వ్యక్తిగతంగా ఈ చట్టమే వద్దనిపిస్తుంది, విచారణ లేకుండా ఏడాది పాటు మనిషిని బంధించే అధికారం ఏ ప్రభుత్వానికీ ఉండకూడదని నమ్ముతాను. కానీ నా నమ్మకం పక్కన పెట్టి, చట్టం ఉందనుకునే మాట్లాడినా, మీరు వాడుతున్న తీరు ఆ చట్టం గీసిన గీత లోపల లేదు.

నాకు ఇష్టం లేని మనిషి ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. 2022 ఆగస్టులో గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ మహమ్మద్ ప్రవక్త మీద చేసిన వ్యాఖ్యలతో హైదరాబాద్ అట్టుడికిపోయింది. ఆ వ్యాఖ్యలు విషం, అందులో నాకు రెండో మాట లేదు. ఆగస్టు 23న అరెస్టు చేశారు, కోర్టు రిమాండ్‌కు ఒప్పుకోక అదే రోజు విడిచిపెట్టింది, 25న పీడీ పెట్టి చర్లపల్లికి పంపారు. నవంబర్ 9న హైకోర్టు విడుదల చెయ్యమంది. విద్వేష ప్రసంగానికి శిక్ష పడాలని కోరుకున్న మాలాంటివాళ్లకు దక్కిందేమిటి? శిక్ష పడలేదు, పైగా ఆయన అన్యాయానికి గురైన నాయకుడిలా బయటికొచ్చాడు. తమకు నచ్చని మనుషుల హక్కుల కోసం కూడా నిలబడిన కన్నబిరాన్, బాలగోపాల్ పనిచేసిన నేల ఇది. ఆ ఎమ్మెల్యేను ద్వేషించేవాళ్లు అప్పుడు చప్పట్లు కొట్టారు, రేపు ఇదే కాగితం మీద ఎవరి పేరు ఉంటుందో వాళ్లు ఆలోచించలేదు.

చప్పట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీంట్లో మా జనం పాత్ర ఉంది. ఏ సమస్య వచ్చినా, నకిలీ ఎరువులు దొరికినా, రేషన్ బియ్యం పట్టుబడ్డా, "పీడీ యాక్ట్ పెట్టండి" అని సమీక్ష సమావేశాల్లో నాయకులు అంటారు, మర్నాడు అది హెడ్‌లైన్ అవుతుంది, కింద జనం "సూపర్ సార్" అని రాస్తారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇంతే. కఠినంగా ఉన్నట్టు కనబడడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. ఆ ఉత్తర్వు ఆరు నెలల తర్వాత కోర్టులో కొట్టుకుపోయినప్పుడు మాత్రం హెడ్‌లైన్ ఉండదు, సమీక్షా ఉండదు.

ఇదంతా కొత్త సంగతేమీ కాదు. 1950లో పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టం చేసినప్పుడు ఒక్క ఏడాదికే అన్నారు, పొడిగిస్తూ పొడిగిస్తూ 1969 దాకా లాగారు. అదే 1950లో ఏకే గోపాలన్ కేసులో చట్టాన్ని సమర్థించిన జస్టిస్ పతంజలి శాస్త్రి కూడా, ప్రజాస్వామ్య రాజ్యాంగంలో ఇలాంటిది ఉండడం వింతగా, అశుభంగా ఉందని రాయకుండా ఉండలేకపోయారు. 1971లో మీసా అనే అంతర్గత భద్రతా చట్టం వచ్చింది, ఎమర్జెన్సీలో దాని కింద ఎవరెవరు జైళ్లకు వెళ్లారో మీ సభలో ఉన్న సీనియర్లకు నేను చెప్పక్కర్లేదు, చాలామంది నాయకులు ఆ జైలు జీవితం గురించి ఇవాళ్టికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ అనుభవం తర్వాత 1978లో 44వ సవరణ చేశారు. అడ్వైజరీ బోర్డు అభిప్రాయం లేకుండా నిర్బంధించగలిగే కాలాన్ని మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించాలని, బోర్డును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సుతోనే వెయ్యాలని, దానికి పదవిలో ఉన్న న్యాయమూర్తే అధ్యక్షుడిగా ఉండాలని అందులో రాశారు. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం అయింది, కానీ ఆ సెక్షన్‌ను అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఇప్పటిదాకా రాలేదు. కాంగ్రెస్, జనతా, బీజేపీ, ఫ్రంట్‌లు, అందరూ ఢిల్లీలో కూర్చున్నారు, ఒక్కరూ ఆ పని చెయ్యలేదు.

ఢిల్లీ సంగతి పక్కన పెడదాం. ఊపా లాంటి కేంద్ర చట్టాల గురించి అడిగితే అది మా చేతుల్లో లేదనొచ్చు. పీడీ యాక్ట్ విషయంలో ఆ మాట చెల్లదు. ఇది మన అసెంబ్లీ చట్టం, హోం శాఖ మీ దగ్గరే ఉంది, ప్రతి ఉత్తర్వునూ 12 రోజుల్లో ఆమోదించేదో తిరస్కరించేదో మీ ప్రభుత్వమే. 2023 డిసెంబర్ 7న ప్రమాణ స్వీకారం చేసిన రోజే ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచెలు తీయించారు. ఆ రోజు ఆ దృశ్యం టీవీలో చూసి సంతోషపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఇవాళ పీడీ యాక్ట్ కింద ఎంతమంది లోపలున్నారు, ఏ కమిషనరేట్ నుంచి ఎంతమంది, ఏ రకం కింద ఎంతమంది, గత అయిదేళ్లలో బోర్డు ఎన్నింటిని కాదంది, కోర్టులు ఎన్నింటిని కొట్టేశాయి, ఈ లెక్కలు బయట పెట్టండి. అన్నీ మీ దగ్గరున్నవే, ఎవరి రహస్యమూ బయటపడదు. బెయిల్ మీద ఉన్న మనిషి మీద పీడీ ప్రతిపాదన వస్తే, బెయిల్ రద్దుకు ముందు కోర్టును ఎందుకు అడగలేదో రాతపూర్వకంగా చెప్పనిదే హోం శాఖ ఆమోదించకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి, దానికి చట్ట సవరణ కూడా అక్కర్లేదు. ఇప్పుడు నడుస్తున్న ఉత్తర్వులన్నింటినీ పైన చెప్పిన నాలుగు తీర్పుల వెలుగులో ఒకసారి తిరగేయించి, నిలవనివాటిని మీరే ఉపసంహరించుకోండి, ఆ కుటుంబాలను హైకోర్టు మెట్లెక్కనివ్వకండి. నిర్బంధించిన రోజే ఆ మనిషికి తనకు వచ్చిన భాషలో, తెలుగో ఉర్దూనో హిందీనో, చదవడానికి వీలుగా ఉన్న కాగితాలు అందాలి, మసకబారిన జిరాక్సులు కాదు. చదువు రానివాడైతే చదివి వినిపించాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలు ఆ వారంలోనే జైలుకు వెళ్లి అతనితో మాట్లాడే ఏర్పాటు చెయ్యాలి, బోర్డు ముందు అతని తరఫున నిలబడడానికి ప్రభుత్వం అభ్యంతరం చెప్పకూడదు. బోర్డు నియామకాలను 44వ సవరణలో రాసినట్టుగా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సుతో చెయ్యడానికి కేంద్రం నోటిఫికేషన్ కోసం ఆగాల్సిన పనేమీ లేదు. కోర్టు కొట్టేసిన ప్రతి ఉత్తర్వుకూ ఆ మనిషి లోపల గడిపిన రోజులకు పరిహారం ఇవ్వండి, సంతకం పెట్టిన అధికారి సర్వీసు రికార్డులో ఆ తీర్పు చేరాలి.

శాసనసభ్యులకు ఒక మాట. 2017–18లో చేర్చిన ఆ పదమూడు రకాలనూ తీసేసే బిల్లు వచ్చే సమావేశాల్లో పెట్టండి. అధికార పక్షం పెట్టకపోతే ప్రతిపక్షం ప్రైవేటు బిల్లుగా పెట్టొచ్చు. బీఆర్‌ఎస్ సభ్యులు అప్పుడు తామే చేర్చామని మొహమాటపడక్కర్లేదు, తమ ప్రభుత్వం పెట్టిన కేసుల మీద కోర్టులు ఏమన్నాయో ఇప్పుడు చదివి మనసు మార్చుకోవచ్చు. తమ ఎమ్మెల్యేగా గెలిచిన మనిషినే ఈ చట్టం కింద చర్లపల్లిలో పెట్టారు కాబట్టి బీజేపీ సభ్యులకు దీని రుచి తెలుసు. మజ్లిస్, కమ్యూనిస్టు సభ్యులకు ముందస్తు నిర్బంధం అంటే ఏమిటో వాళ్ల పార్టీల చరిత్రే చెప్తుంది. చట్టం పూర్తిగా ఎత్తేసే ధైర్యం ఈ సభకు ఇప్పుడే ఉంటుందని నేను ఆశపడడం లేదు, ఈ పదమూడుతో మొదలు పెట్టండి.

లెక్కలు బయటపెట్టడానికి మీకు నెల రోజులు చాలు. అప్పటికీ రాకపోతే సమాచార హక్కు కింద ప్రతి కమిషనరేట్‌కూ దరఖాస్తు పెడతాను. పెట్టడానికి నాతో పాటు ఇంకొంతమంది వకీళ్లు కూడా సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక న్యాయవాది